సతీష్ ఆడే జాగ

వర్లి, బొంబాయి
9 జులై 1995

మల్లేశం బావకు నీ బామ్మర్ది బాపయ్య నమస్కారాలు. అక్కకు కూడా చెప్పు.

ఇక్కడ అందరం బాగున్నాం. మా ఇంటిది సత్తమ్మ బాగుంది, నల్లా దగ్గర నీళ్ళ కొట్లాటలో ఆమె గొంతు ఇంకా బాగుంది. మా మిల్లు ఒక్కటే బాగా లేదు. సగం మగ్గాలు ఆపేశారు, మిగతా సగం ఎప్పుడు ఆపుతారో మేనేజరుకే తెలియదు. పోనీ, ఆ ఏడుపు ఎప్పుడూ ఉండేదే. ఇగ అసలు ముచ్చటకు వస్తాను.

నీ కొడుకు సతీష్ మొదటి మ్యాచ్ ఆడాడు బావా! చాందా నుంచి మా ఒంటిగది ఖోలీకి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడో లేదో, వాణ్ని తీసుకున్న ఫ్యాన్ల కంపెనీ వాళ్ళు పిలిచి తమ ఫుట్‌బాల్ పెద్ద జట్టులో దింపారు. ఒక సీజన్‌కు కాంట్రాక్టు రాసుకున్నారు గదా, ఊరికే కూర్చోబెట్టి తిండి పెడతారా! నేను మిల్లుకు డుమ్మా కొట్టి పోయాను. నాకు తెలిసిన ఆట కబడ్డీ ఒక్కటే అని నీకు తెలుసు. ఫుట్‌బాల్‌లో బంతి ఎవరి దగ్గరుంటే వాణ్ని చూడటం తప్ప నాకింకేమీ రాదు.

మనోడు మొదట ఎడమ పక్క సున్నం గీత వెంట ఉరుకుతున్నాడు. దగ్గరనుంచి చూద్దామని నేనూ ఆ పక్కకే పోయి కూర్చున్నాను. బీడీ ముట్టించి తలెత్తేసరికి లేడు! ఎటు పోయాడా అని చూస్తే కుడి పక్కన ఉన్నాడు. చెప్పులు చేత పట్టుకొని మైదానం చుట్టూ తిరిగి అటు పోయాను. నేను పోయేసరికి నడుమకు పోయాడు. కోచ్ సారు బయట నిలబడి చెయ్యి ఊపుతాడు, వీడు జాగ మారతాడు. ఒక్క చోట నిలబడనిస్తే ఒట్టు. ఎడమ కాలితో ఒక గోలు కొట్టాడు, కుడి కాలితో ఇంకొకడికి బంతి అందించి గోలు కొట్టించాడు. మనమే గెలిచాం.

పక్కన కూర్చున్న గుజరాతీ సేటును అడిగాను, "ఈ పోరగాడిది ఏ జాగ?" అని. "ఫార్వర్డ్ లైన్‌లో ఎక్కడ అవసరమైతే అక్కడ. వీడికి ఫిక్స్ జాగ లేదు," అన్నాడు. అన్నం తినేటప్పుడు అదే మాట సతీష్‌ను అడిగితే నవ్వి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. నాకు మాత్రం కాళ్ళు పీకుతున్నాయి.

నీ
బాపయ్య


సాస్తి కాలనీ, చంద్రపూర్ (చాందా) జిల్లా
21 జులై 1995

బాపయ్యకు మల్లేశం రాస్తున్నది.

నీ జాబు చదివి వినిపిస్తే నీ అక్క ఆగమ్మ గోలు దగ్గర చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం గుండె జారింది. ఫిక్స్ జాగ లేదన్న మాట నువ్వు ఏదో తమాషాలాగా రాశావు. నీకు తెలియదు, మిల్లులో మొదటి రోజే నీకొక మగ్గం చూపించారు. నేను బద్లీగా బతికినవాణ్ని.

బద్లీ అంటే ఏందో విను. గనికి ఎవడన్నా రాకపోతే వాడి జాగలో నన్ను దింపేవాళ్ళు. ఒకనాడు బొగ్గు టబ్బులు నెట్టుడు, ఒకనాడు బొగ్గు ఎత్తుడు, ఒకనాడు ఇంజనీరు సాబు ఇంట్లో నీళ్ళు పట్టుడు. అందరూ డ్యూటీకి వస్తే హాజరు వేసే మున్షీ, "ఇయ్యాల లేదు, పో," అని కిటికీ మూసేవాడు. మీ అక్క కట్టిన టిఫిన్ విప్పకుండానే ఇంటికి తెచ్చుకొని, ఆమె మొఖం చూడలేక గోడ దిక్కు తిరిగి తిన్నాను. గనిలో నీళ్ళు తోడే పంపుకు ఖలాసీగా పర్మనెంటు చేసిన నాడే నేను మనుషుల్లో పడ్డాను. పనిలో గట్టివాడికి ఒక జాగ ఇస్తారు, గట్టివాడు కాకపోతేనే అన్ని జాగల్లో తిప్పుతారు. ఇరవై ఏళ్ళ పిల్లగాణ్ని బొంబాయి తీసుకపోయి బద్లీ చేశారు!

నా మోకాలు సంగతి నీకెరుకే. డాక్టర్ల బోర్డు ముందు నిలబడితే అన్‌ఫిట్ రాస్తారు. అట్లా రాస్తే నా నౌకరీ, నా మీద ఆధారపడ్డ కొడుక్కు వస్తుంది. అది గనుల కానూన్. ఈ రోజుల్లో పర్మనెంటు నౌకరీ ఎక్కడుంది? కొత్త కంపెనీలన్నీ కాంట్రాక్టే. చలికాలంలో బోర్డు కూర్చుంటుంది. నువ్వు ఆ కోచ్‌ను కలిసి సీదాగా అడుగు, మా పిల్లవానికి ఒక జాగ ఇస్తారా ఇయ్యరా అని. ఇయ్యనంటే రైలెక్కించి పంపు, నేను బోర్డుకు పోతాను. సతీష్‌కు మాత్రం ఈ ముచ్చట చెప్పకు. నాయిన తన మీద నమ్మకం లేక పిలుస్తున్నాడని మనసు ఖరాబు చేసుకుంటాడు.

మల్లేశం


వర్లి, బొంబాయి
20 ఆగస్టు 1995

బావా, ముందు నోరు తీపి చేసుకో, తర్వాత చదువు!

నువ్వు చెప్పిన పని పూర్తయింది. కొబ్బరికాయ, పావుకిలో కోవా పట్టుకొని, ఇస్త్రీ అంగీ వేసుకొని కోచ్ మెనెజెస్ సారు ఇంటికి పోయాను. గోవా మనిషి, పెద్దమనిషి. నవ్వుతూ కుర్చీ చూపించాడు. సతీష్ మేనమామనని చెప్పి, "సారూ, మా అల్లునికి ఒక జాగ ఇయ్యిండ్రి. గిట్ల రోజుకొక దిక్కు తిప్పితె ఇంట్లోల్లకు మంచిగ అనిపిస్తలేదు," అని హిందీలో చెప్పాను. ఆయన నవ్వడం ఆపేశాడు.

"సతీష్ పంపాడా మిమ్మల్ని?" అని అడిగాడు.

నువ్వు పంపావని చెప్తే నీ ఇజ్జత్ పోతుంది, ఎవరూ పంపలేదంటే నా మాటకు బరువుండదు. అందుకని, "ఇంట్లో అందరి మాట అనుకోండ్రి సారూ," అన్నాను. ఎట్లా ఉంది నా తెలివి? ఆయన, "ఠీక్ హై. ఎడమ పక్క. ఇకనుంచి అక్కడే," అన్నాడు. కోవా మాత్రం ముట్టుకోలేదు, షుగరేమో.

మొన్నటి మ్యాచ్‌లో మనోడు మొదటినుంచి చివరిదాకా ఎడమ పక్కనే! సారు ఒక్కసారి కూడా చెయ్యి ఊపలేదు. నేను ఒక్కచోటే కూర్చొని హాయిగా చూశాను, చెప్పులు విడవలేదు. మన జట్టు ఓడిపోయింది గాని అది మిగతావాళ్ళ తప్పు. బంతి అంతా కుడి పక్కనే తిరిగితే మనోడేం చేస్తాడు? వాడు తన జాగలో తాను చక్కగా నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి మాట్లాడకుండా పడుకున్నాడు. జాగ దొరికిన సంబరం లోపల ఉంటుంది గదా, అందరూ నాలాగా బయటపడరు.

బాపయ్య


సాస్తి కాలనీ
5 సెప్టెంబరు 1995

బాపయ్యా, నిన్ను ఎన్నో ఏళ్ళుగా వట్టి మాటలవాడివి అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గని క్యాంటీన్లో పేడాలు పంచాను. మా షిఫ్టు వెంకటి, "ఏందన్నా, పోరడు గోల్ కొట్టిండా?" అని అడిగాడు. "గోల్ దేముందిరా, ఇయ్యాల కొడ్తడు, రేపు కొట్టడు. జాగ దొరికింది!" అన్నాను. వాడు పాత బద్లీ. లేచి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఈ చలికాలం బోర్డుకు పోను. మోకాలికి ఆముదం రాసి గుడ్డ చుట్టుకుంటున్నాను, పంపు దగ్గర ఎక్కువ నడిచే పని లేదు. వానలు ఇంకా తగ్గలేదు, బొగ్గు క్వారీలో నీళ్ళు చేరుతూనే ఉన్నాయి.

సతీష్ ఒక కార్డు రాశాడు. "బాగున్నాను. ఆడుతున్నాను." అంతే. మీ అక్క దాన్ని తిప్పి తిప్పి చూసి, "పోరడు మంచిగ లేడు," అంటుంది. ఆడవాళ్ళకు కార్డులో ఏం కనిపిస్తుందో నాకు తెలియదు. నువ్వు సత్తమ్మను అడిగి, వాడికి రాత్రిపూట పాలు ఇప్పించు.

మల్లేశం


వర్లి, బొంబాయి
12 నవంబరు 1995

బావా, కొంప మునిగింది. తిట్టేది ఉంటే మొత్తం చదివి తిట్టు.

సతీష్ మా ఖోలీ విడిచి ఆటగాళ్ళ మెస్సుకు పోయాడు. మెనెజెస్ సారు వాణ్ని పిలిచి, "ఎడమ పక్క తప్ప ఆడనని మీ మామతో చెప్పించావు గదా, ఇప్పుడు మొఖం ముడుచుకుంటే ఎట్లా?" అన్నాడట. వాడు సీదా మా ఇంటికి వచ్చాడు. చెమట కూడా తుడుచుకోలేదు.

"మామా, సార్‌కు నువ్వేం జెప్పినవ్? ఖరం సాంగ్," అన్నాడు. ఇంట్లో కోపమొస్తే మరాఠీ వస్తుంది వాడికి. నిజం చెప్పమన్నాక నేనేం చేసేది? కొబ్బరికాయ దగ్గరనుంచి కోవాదాకా అంతా చెప్పాను. నీ పేరు మాత్రం తీయలేదు.

"నేను అన్ని జాగలల్ల ఆడ్తననే గదా మామా నన్ను తీస్కున్నది! ఎడమ పక్క ఆడెటోల్లు బొంబాయిల గల్లికొకడున్నడు. ఎడమ, కుడి, నడుమ, ఎనుకకొచ్చి బంతి గుంజుకపోవుడు, ఇవన్ని వచ్చినోడు కావాలన్నరు. గదే నా నౌకరీ. గదే తీసి పడేసినవ్!" అన్నాడు. కండ్లనిండ నీళ్ళు పెట్టుకున్నాడు బావా. సత్తమ్మ ఆ రోజునుంచి నా చెంబుతో నన్నే నీళ్ళు ముంచుకొమ్మంటోంది.

ఇంకో దరిద్రం. ఫ్యాన్ల కంపెనీలోకి విదేశీ భాగస్వాములు వస్తున్నారట. ఆటగాళ్ళను తగ్గిస్తారట. ఒక్క పక్కనే ఆడేవాళ్ళకు వచ్చే ఏడు కాంట్రాక్టు ఉండదని మెస్సులో అనుకుంటున్నారు. జనవరిలో ఈ జట్టు మీ చంద్రపూర్‌కే కప్పు ఆడటానికి వస్తుంది. అది అయినాక ఎవరుంటారో, ఎవరు పోతారో సారు చెప్తాడు.

నువ్వు అడగమన్నావు, నేను అడిగాను. పాపంలో సగం నీది. మిగతా సగం మోయడానికే నాకు నడుం వంగుతోంది.

బాపయ్య


సాస్తి కాలనీ
24 నవంబరు 1995

బాపయ్యా,

సగం కాదు, మొత్తం నాదే అనుకో. అయితే ఏంది? ఒక మనిషి జాగ అడిగితే బయటికి తోసే నౌకరీ కూడా ఒక నౌకరీయేనా? మా మున్షీకీ మీ మెనెజెస్‌కూ తేడా ఏముంది? అన్ని చోట్లా వాడుకుంటారు, చివరికి కిటికీ మూస్తారు. నేను మొదటినుంచి మొత్తుకున్నది అదే. జట్టులో తిప్పడమంటే ఏందో నువ్వు నాకు నేర్పకు.

బోర్డుకు పేరు ఇచ్చి వచ్చాను. కప్పు ఆదివారంతో అయిపోతుంది, సోమవారం బోర్డు. ఆట కాగానే సతీష్‌ను మైదానం నుంచే ఇంటికి తెచ్చుకుంటాను. నా నౌకరీలో నిలబడతాడు. కోపమొస్తే రానీ, పర్మనెంటు అయినాక తగ్గుతుంది. మీ అక్క నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, కూర ఏందో చెప్పదు.

నువ్వు ఇప్పటిదాకా చేసింది చాలు. ఆ కోచ్ గడప తొక్కకు.

మల్లేశం


వర్లి, బొంబాయి
17 డిసెంబరు 1995

బావా, తొక్కాను.

నీ మాట ఎప్పుడు విన్నాను గనక ఇప్పుడు వింటాను! ఈసారి ఇస్త్రీ అంగీ లేదు, కోవా లేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "సారూ, పిల్లవానికి ఏం తెల్వదు. వాళ్ళ నాయిన భయపడ్డడు, నేను మూర్ఖంగ వచ్చిన. తప్పంత మా ఇద్దరిది," అన్నాను. మీ గనుల్లో బద్లీ సంగతి కూడా చెప్పాను. ఆయన నన్ను లోపలికి పిలిచాడు.

"ఇన్నాళ్ళూ ఆ అబ్బాయి నాతో ఒక్క మాట అనలేదు. ఇంట్లోవాళ్ళ మీద నెట్టేసి తప్పించుకోవచ్చు గదా, నెట్టలేదు," అన్నాడు. కాంట్రాక్టు మాట అడిగితే, "చాందాలో చూద్దాం," అని మాత్రమే అన్నాడు. ఈసారి చాయ్ ఇప్పించాడు.

బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను. బోర్డుకు పొయ్యే ముందు ఒక్కసారి నీ కొడుకు ఆట చూడు. నువ్వు వాణ్ని కాలనీలో పోరగాళ్ళతో తన్నుకోవడమే చూశావు, మ్యాచ్ చూడలేదు. నాలాగా ఒక పక్కన కూర్చోకు. మెట్ల మీద పైన కూర్చో, మైదానమంతా కనబడుతుంది.

బాపయ్య


సాస్తి కాలనీ
23 జనవరి 1996

నా ముద్దుల బామ్మర్ది బాపయ్యకు,

మైదానంలో అరిచి నాకు గొంతు బొంగురుపోయింది. ఇక్కడ ఎవరికీ నోటితో సరిగ్గా చెప్పలేకపోతున్నాను గనక నీకే అంతా రాస్తున్నాను. తీరికగా కూర్చొని చదువు.

ఫైనల్‌కు మీ అక్క, నేను, వెంకటి పోయాం. నువ్వు చెప్పినట్టే పైమెట్టు మీద కూర్చున్నాం. అవతల నాగపూర్ నుంచి వచ్చిన జట్టు. వాళ్ళ వెనకవరుసలో ఒక్కొక్కడు బీరువా అంత ఉన్నాడు. మన సతీష్ ఎడమ పక్క మొదలుపెట్టాడు. కాసేపు బాగానే దూరాడు, తర్వాత వాళ్ళు ఇద్దరు మనుషులను వాడి మీదే పెట్టి దారి మూసేశారు. అటునుంచి వాళ్ళే ఒక గోలు కొట్టారు. నాకు లోపల, "సరే, ఇగ ఇంటికి తోలుకపోవచ్చు," అనిపించింది. అబద్ధం ఎందుకు, కొంచెం నెమ్మది కూడా అనిపించింది.

అప్పుడు మెనెజెస్ సారు చెయ్యి ఊపాడు.

సతీష్ నడుమకు వచ్చాడు. నడుమ ఆడేవాడు లేకపోలేదు బాపయ్యా! వాడు అక్కడే ఉన్నాడు, నిమ్మళంగా ఉన్నాడు. సతీష్ వస్తుంటే వాడే ఎడమ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నేను వెంకటి తొడ మీద గుద్దాను. "అరే, ఎవడో రాకపోతే వీణ్ని పెట్టలేదురా! అందరుండంగనే వీని కోసం జరుగుతున్రు!" అన్నాను. వెంకటి, "తొడ ఇడువన్నా," అన్నాడు.

అక్కడినుంచి చూడాలి నువ్వు. వానాకాలంలో క్వారీలో నీళ్ళు ఏ మూల చేరితే మేం పంపు ఆ మూలకు జరుపుతాం. ఒక్కచోటే బిగించి కూర్చుంటే గని మునుగుతుంది. ఇన్నేళ్ళు ఆ పని చేసిన నాకు, నా కొడుకు ఆట చూస్తే అర్థం కావడానికి ఇంత కాలం పట్టింది. నాగపూరోళ్ళు నడుమను మూసేలోపు వాడు కుడి పక్కకు పోయాడు. ఆ ఇద్దరు బీరువాలు ఎవరి వెంట పోవాలో తెలియక ఒకరినొకరు తిట్టుకున్నారు. కుడినుంచి మనోళ్ళు బంతి లేపారు. నడుమ ఎవరూ లేరనుకున్న చోట సతీష్ తల లేచింది. నెత్తితో కొట్టాడు, గోలు! మైదానంలో ఉన్న చాందా పోరగాళ్ళంతా, "ఆప్లా పోర్గా! ఆప్లా పోర్గా!" అని లేచారు. మన పిల్లవాడే అని మరాఠోళ్ళు అరుస్తుంటే, మీ అక్క ఆ మరాఠోళ్ళ మీదికి పోయి, "మా పోరడు! నా కొడుకు!" అని తెలుగులో కొట్లాడింది.

రెండో గోలు ఇంకా చెప్పాలి. కాసేపైతే ఆట అయిపోతుందనగా సతీష్ మన గోలు దిక్కు వెనక్కి వచ్చాడు. నాకు భయమైంది, ముందర ఆడేవాడు వెనక్కి ఎందుకు వస్తున్నాడని. వచ్చి వాళ్ళ కాళ్ళలోంచి బంతి గుంజుకున్నాడు. కుడి కాలితో ఎడమ పక్కకు దూరంగా కొట్టి, ఇగ తల దించుకొని ఉరికాడు చూడు! అక్కడినుంచి బంతి మళ్ళీ లోపలికి వచ్చేసరికి వాడు దాని ముందున్నాడు. ఎడమ కాలు. వాళ్ళ గోలు కాసేటోడు ఇటు పడ్డాడు, బంతి అటు పోయింది. నేను ఏం అరిచానో నాకు తెలియదు. నా మోకాలు సంగతి మరచి మెట్ల మీద ఎగిరానట, వెంకటి చెప్పాడు. కప్పు మనదే!

ఆట అయినాక మెనెజెస్ సారు మా దగ్గరికి వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు. నమస్కారం పెట్టి, "వచ్చే రెండేళ్ళు కూడా మాతోనే," అన్నాడు. ఒక్క జాగ మాత్రం ఇయ్యలేనన్నాడు. నేను ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాను. సతీష్ దూరంగా నిలబడి బూట్ల లేసులు విప్పుతూ, నా మొఖం చూడకుండా అడిగాడు.

"నాయినా, నేను ఏ జాగల మంచిగ ఆడిన?"

"నాగపూరోల్లు యాడ యాడ ఏడ్చిన్రో, గాడ," అన్నాను.

వాడు నవ్వాడు. ఎన్ని నెలలైంది ఆ నవ్వు చూడక! బోర్డు సంగతి వాడికి చెప్పలేదు, నువ్వు కూడా చెప్పకు. మరునాడు పొద్దున్నే బస్సు ఎక్కించి వచ్చాను. మీ అక్క నాతో మాట్లాడుతోంది. నిన్నటి కూర వంకాయ అని అడగకుండానే చెప్పింది.

నిన్న సోమవారం. పేరు ఇచ్చినందుకు పోక తప్పలేదు. డాక్టరు సాబు నా మోకాలు వంచి, తిప్పి, "నొప్పి ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. ఇంకా గట్టిగా నొక్కి అడిగాడు. పండ్లు బిగబట్టి లేదన్నాను. ఆయన నమ్మలేదు. కాగితం ముందుకు జరుపుకొని, "అన్‌ఫిట్ రాస్తాను. మీ మీద ఆధారపడ్డ కొడుకు పేరు చెప్పండి," అన్నాడు.

"లేడు సార్," అన్నాను.

"కొడుకు లేడా? ఇక్కడ సతీష్ అని రాసుంది గదా?"

"కొడుకున్నడు సార్. నా మీద ఆధారపడినోడు లేడు. నన్ను ఫిట్ రాయిండ్రి, సెకండ్ షిఫ్టుకు పోవాలె," అన్నాను.

ఫిట్ అనే రాశాడు. షిఫ్టుకు పోయి వచ్చాను.

నీ బావ
మల్లేశం